సాయంకాలం వరకే

జనవరి 1న ఆదికాండంతో మొదలుపెట్టి ఏడాదిలో బైబిలు పూర్తిచేద్దామనుకున్నవాళ్లు ఎక్కడ ఆగిపోతారో ఒంగోలు, నెల్లూరు సంఘాల్లో ఎవరినడిగినా చెబుతారు. లేవీయకాండం 11 నుంచి 15 అధ్యాయాల దగ్గర. తొండ, బల్లి, పొక్కు, మచ్చ, స్రావం, గోడకు పట్టిన చెమ్మ. చదివేవాళ్లకు విసుగు, చెప్పేవాళ్లకు మొహమాటం. బోధకులు కూడా ఈ ఐదు అధ్యాయాలు గబగబా దాటేసి, 16లో ప్రాయశ్చిత్త దినం దగ్గరికి రాగానే కుదురుకుంటారు. చిక్కేమంటే, ఆ ఐదూ, సంఖ్యాకాండం 19వ అధ్యాయమూ చదవనివాళ్లకు 16 సగమే అర్థమవుతుంది.

ఈ అధ్యాయాల్లో పల్లవిలా తిరిగి తిరిగి వచ్చే మాట ఒకటుంది. బట్టలు ఉదుకుకోవాలి, నీళ్లతో స్నానం చేయాలి, సాయంకాలం వరకు అపవిత్రుడై ఉండాలి. మనం దీన్ని చదివేటప్పుడు గొంతు ‘అపవిత్రుడు’ దగ్గర ఒత్తుతాం. ఒత్తాల్సింది ‘సాయంకాలం వరకు’ దగ్గర. ఈ చట్టం ఎవర్ని బయట పెట్టాలా అని రాసింది కాదు. బయటికి వెళ్లినవాడు ఏ రోజున, ఏ నీళ్లతో, ఏం చేసి లోపలికి రావాలో చెప్పడానికి రాసింది.

ముందు మాటలు సరిచూసుకుందాం. హీబ్రూలో ఇక్కడ రెండు జంటలున్నాయి. ‘తాహోర్’, ‘తామే’ ఒక జంట: శుద్ధం, అశుద్ధం. ‘కోదెష్’, ‘హోల్’ ఇంకో జంట: దేవునికి ప్రత్యేకించింది, మామూలుది. లేవీయకాండం 10వ అధ్యాయంలో యాజకుడైన అహరోనుకు అప్పజెప్పిన పని ఈ రెండు తేడాల్నీ కనిపెట్టి జనానికి చెప్పడమే. శుద్ధంగా ఉన్నవాడు దానివల్ల పరిశుద్ధుడైపోడు, దేవుని గుడారం దగ్గరికి రావడానికి తగినవాడవుతాడు, అంతే. అశుద్ధంగా ఉన్నవాడు పాపి కాడు. వాడు పొలం దున్నుకోవచ్చు, గొర్రెలు కాసుకోవచ్చు, బేరం చేసుకోవచ్చు. గుడారంలోకి రాకూడదు, బలిమాంసం తినకూడదు. 15వ అధ్యాయం చివర కారణం కూడా రాసే ఉంది: జనం మధ్యనున్న దేవుని నివాసస్థలాన్ని అపవిత్రం చేసి చావకుండా ఉండటానికి. అంటే లెక్క అంతా ఒక చోటుకు సంబంధించింది. ఆ చోటు లేకపోతే లెక్కలో చాలా భాగం ఉండదు.

అశుద్ధం తెచ్చేవి నాలుగే రకాలు: శవం (జంతువుల కళేబరాల్లో కొన్నీ ఇందులోకే), ‘సారాత్’ అనే చర్మపు లక్షణం, పురుషాంగం నుంచీ గర్భం నుంచీ వచ్చే స్రావాలు, ప్రసవం. చెమట లేదు, బురద లేదు, చీము కారే మామూలు పుండు లేదు, జ్వరం లేదు, వాంతులు విరేచనాలు లేవు. అందుకే “దేవుడు ఆ రోజుల్లోనే ఆరోగ్య సూత్రాలు ఇచ్చాడు” అనే ప్రసంగం ఎంత వినసొంపుగా ఉన్నా నిలబడదు. అంటురోగాల జాబితా అయితే అందులో కలరాలాంటివాటికి చోటుండాలి, పండంటి బిడ్డను కన్న తల్లికి చోటుండకూడదు. లేవీయకాండం మీద జీవితమంతా పనిచేసిన జేకబ్ మిల్గ్రోమ్ చెప్పినదే ఈ నాలుగింటికీ సరిగ్గా అతుకుతుంది: ప్రాణం జారిపోవడం, లేదా చావును తలపించడం. మిర్యాముకు సారాత్ వచ్చినప్పుడు అహరోను ఆమెను చచ్చి పుట్టిన పిండంతో పోల్చాడు, సంఖ్యాకాండం 12లో. జీవమున్న దేవుని దగ్గరికి చావు వాసనతో రాకూడదన్నది వాళ్ల లెక్క.

ఇక మన వైపు మాటలు. మైల, పురుడు, ముట్టు, అంటు, ‘బయట ఉంది’. ఈ మాటలు చెవిలో పెట్టుకుని లేవీయకాండం చదివితే అంతా తెలిసినట్టే ఉంటుంది. చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది.

చావు మైల చూడండి. మన దగ్గర మైల రక్తసంబంధం వెంట నడుస్తుంది. పాలివాళ్లలో ఎవరైనా హైదరాబాదులో పోతే, శవాన్ని చూడకపోయినా పొదిలిలో ఉన్నవాళ్లకు మైల పడుతుంది. ఇశ్రాయేలు లెక్కలో అశుద్ధం రెండే దార్లలో వస్తుంది: తాకడం, ఒకే కప్పు కింద ఉండటం. కన్నకొడుకు దూరదేశంలో ఉంటే వాడికి ఏమీ అంటదు. చావు జరిగిన గుడారంలోకి నీళ్ల కడవతో వచ్చిన పనిమనిషికి మాత్రం 7 రోజులు. పొలంలో దొరికిన మనిషి ఎముక ముట్టినా, సమాధి ముట్టినా 7 రోజులే. ఆ గుడారంలో మూత కట్టకుండా ఉన్న పాత్ర కూడా అశుద్ధం. చావు జరిగిన ఇంట్లో కుండల్లో నీళ్లు పారబోసే అలవాటు ఉన్న మనకు ఈ చివరిది కొత్తగా అనిపించదు.

ముట్టు సంగతిలో తేడా ఇంకా పెద్దది. లేవీయకాండం 15లో ఆమెకు 7 రోజులు. ఆమె పడుకున్న పరుపో కూర్చున్న పీటో తాకినవాళ్లకు బట్టలు ఉదుకుకోవడం, స్నానం, సాయంకాలం. ఆమెనే తాకితే సాయంకాలం వరకు. అంతే. ఆమె పశువుల పాకలో పడుకోవాలనీ, వేరే కంచంలో తినాలనీ, ఎవరి కంటా పడకూడదనీ ఒక్క మాట లేదు. సంఖ్యాకాండం 5వ అధ్యాయం ఎవరెవర్ని పాళెం (ఇశ్రాయేలీయులు గుడారాలు వేసుకున్న బస) బయటికి పంపాలో పేర్లు చెబుతుంది: సారాత్ ఉన్నవాళ్లు, స్రావరోగం ఉన్నవాళ్లు, శవాన్ని ముట్టినవాళ్లు. నెలసరిలో ఉన్న స్త్రీ పేరు ఆ జాబితాలో లేదు. ఇంకో చిన్న సంగతి: లేవీయకాండం 15లో ఆమె స్నానం చేయాలని కూడా నేరుగా రాసి లేదు. మిగతావాళ్లకు రాశారు కాబట్టి ఆమెకూ వర్తిస్తుందని తర్వాతి యూదు పండితులు పట్టుకున్నారు. రక్తం ఆగాక మరో 7 శుభ్రమైన రోజులు లెక్కపెట్టాలన్న నియమం కూడా వాళ్లు బిగించిందే. మూలంలో ఆ 7 రోజులు కాలం కాని కాలంలో రక్తస్రావం అయ్యే స్త్రీకి చెప్పినవి.

ఈ సందర్భంలోనే మార్కు సువార్త 5వ అధ్యాయం మీద వినిపించే ప్రసంగం ఒకటి సరిదిద్దుకోవాలి. 12 ఏళ్ల రక్తస్రావంతో ఉన్న స్త్రీని ఊరు వెలివేసిందనీ, ఆమె జనంలోకి రావడమే నేరమనీ, పట్టుబడితే రాళ్లతో కొట్టేవాళ్లనీ చెబుతుంటారు. స్రావరోగి పాళెం బయట ఉండాలన్న మాట ఉంది గానీ, నేరమనీ రాళ్లనీ చట్టంలో లేదు. ఆమెను తాకినవాడికి పడే శిక్ష ఒక స్నానం, ఒక సాయంకాలం. ఆమె వణికిందని కథలో ఉంది గానీ వణికింది రాళ్లకని లేదు.

అన్నిటికన్నా లోతైన తేడా, ఈ జిల్లాల్లో చెప్పకుండా వదలకూడనిది, ఇంకొకటి. మన ఊళ్లలో మైలకు పనివాళ్లున్నారు. మైలబట్టలు చాకలికి, పురిటి పని మంత్రసానికి, చచ్చిన గొడ్డు మాదిగలకు. అశుద్ధాన్ని ఒక ఇంటి నుంచి తీసి ఒక కులం నెత్తిన పెట్టి, వాళ్లకు మాత్రం సాయంకాలం రాకుండా చేశాం. లేవీయకాండంలో ఎవరి బట్టలు వాళ్లే ఉదుకుకోవాలి. శవపు అశుద్ధం పోగొట్టే ఎర్రని పెయ్య బూడిదను ఎత్తినవాడూ అశుద్ధుడవుతాడు, ప్రాయశ్చిత్త దినాన విడిచిపెట్టే మేకను అరణ్యానికి తోలుకెళ్లినవాడూ అవుతాడు. కానీ వాడూ ఉదుకుకుని, స్నానం చేసి పాళెంలోకి వచ్చేస్తాడు. వాడి కొడుక్కి అది అంటదు. యాజకుడు శవాన్ని తాకితే యాజకుడే అశుద్ధుడు, మహారాణి ప్రసవిస్తే మహారాణే. పుట్టుకతో వచ్చే అశుద్ధం అనే మాటకు ఈ చట్టంలో చోటే లేదు.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఆరుగురు బోధకులు, ఒక్కో విడత ఇద్దరు చొప్పున దిగి ముంచారు. కరువు కాలం, అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకం పని ఇప్పించిన కాలం. అది బతుకుదెరువు కోసమా, భక్తి కోసమా అని ఇప్పటికీ వాదించుకుంటారు. ఊరి బావి దగ్గరికి రానివ్వని మనుషులు అందరూ చూస్తుండగా ఏటి నీళ్లలో తల ముంచి లేచారన్నది మాత్రం వాదనకు అందని సంగతి. అయితే ఒక జాగ్రత్త: బాప్తిస్మమూ లేవీయకాండపు స్నానమూ ఒకటి కావు. ఆ స్నానం ఎవరికి వాళ్లే చేసేది, ఇంకొకరు ముంచేది కాదు. జీవితంలో వందలసార్లు చేసేది. యోర్దానులో యోహాను చేసింది ఆ రెంటికీ మధ్య మెట్టు.

నీళ్ల సంగతికి వద్దాం. ఇందులో పనితనం చాలా ఉంది.

హీబ్రూలో ‘మయిం హయ్యిం’, మాటకు మాట చెబితే బతికిన నీళ్లు. తెలుగు బైబిలు ‘పారు నీళ్లు’ అంది. పారడం కన్నా ఊరడం ముఖ్యం: నేలలోంచి తనంతట తాను వచ్చే నీరు. వేసవిలో పెన్న ఇసుకలో, మన్నేటి ఇసుకలో చెలమ తీస్తే అడుగున ఊరేది సరిగ్గా అదే. స్రావరోగి నయమయ్యాక 7 రోజులు లెక్కపెట్టి ఈ నీళ్లలోనే స్నానం చేయాలి. మిగతావాళ్లకు ఒకచోట చేరిన నీళ్లు చాలు. దాన్నే తర్వాత ‘మిక్వె’ అన్నారు. కొలత 40 సెయాలు. ఆ సెయా ఎంతన్నదాని మీద భేదాలున్నాయి గనక ఇప్పటి లెక్కలో తక్కువలో తక్కువ 330 లీటర్లు, ఎక్కువ జాగ్రత్త పడేవాళ్లు 750 లీటర్ల పైన పెట్టుకుంటారు. ఒక మనిషి పూర్తిగా మునగడానికి కావలసినంత అన్నమాట.

నియమం ఎక్కడ తప్పుతుందంటే, నీళ్లు తోడి పోస్తే. బిందెలతో గానీ ట్యాంకరుతో గానీ నింపిన తొట్టి మిక్వె కాదు. వాననీరు నేలమీది గుంటలోకి తనంతట తాను చేరాలి. 40 సెయాలు నిండకముందే 3 లోగ్‌లు, అంటే ఒకటి రెండు లీటర్ల తోడిన నీళ్లు పడినా మొత్తం చెడుతుంది. ఒకసారి నిండాక ఎంత తోడి పోసినా చెడదు. మన మేడమీది ప్లాస్టిక్ ట్యాంకు వాననీటితో నిండినా చెల్లదు, ఎందుకంటే అది పాత్ర, నేలలో కట్టింది కాదు. ఇప్పటి మిక్వెలు కట్టేవాళ్లు దీనికి మంచి ఉపాయం పట్టారు. వాననీటి గుంట ఒకటి, పక్కన కుళాయి నీళ్ల కొలను ఒకటి, రెంటి మధ్య గోడలో రెండు వేళ్లు తిరిగేంత రంధ్రం. అక్కడ నీటికి నీరు తాకితే చాలు, కుళాయి నీళ్లకు వాననీటి హోదా వచ్చేస్తుంది. కొలను నీళ్లు రోజూ మార్చుకోవచ్చు, గుంటను ముట్టుకోనక్కరలేదు. సముద్రం కూడా పనికొస్తుంది. కొత్తపట్నంలో మునిగినా మైపాడులో మునిగినా మామూలు శుద్ధికి చెల్లుతుంది. స్రావరోగికి మాత్రం చెల్లదని మిష్నాలో, అంటే యూదు పండితుల పాత నియమాల సంకలనంలో, ఒక పక్షం.

మునిగేటప్పుడు ఒంటికీ నీటికీ మధ్య ఏదీ అడ్డుండకూడదు. ఉంగరం, మెట్టె, గోళ్లరంగు, ఎండిన మట్టి, చిక్కుపడిన జుట్టు, పంటి సందున ఇరుక్కున్న పీచు. ముందు సబ్బుతో ఒళ్లు తోముకుని, తల దువ్వుకుని, అప్పుడు దిగుతారు. మురికి మొదటి స్నానంతోనే పోతుంది. రెండో స్నానం దేనికో ఇక్కడే తెలుస్తుంది. ఇజ్రాయెల్‌లోని మసాదా కోట మీద 1963–65 మధ్య యిగాయెల్ యాదీన్ తవ్వినప్పుడు బయటపడిన మిక్వెలో ఈ జంట గుంటల ఏర్పాటే ఉంది. మెట్లు దిగి మునిగే ఇలాంటి కొలనులు యూదయ, గలిలయ ప్రాంతాల్లో వందల్లో దొరికాయి. చాలావరకు క్రీస్తుకు ముందు రెండో శతాబ్దం నుంచి క్రీస్తు తర్వాత 70 లోపువి.

పాత్రలకు కూడా ఇదే లెక్క. ఇత్తడి, రాగి తోమి కడిగితే సరిపోతుంది. యుద్ధంలో దొరికిన లోహాలు నిప్పులో వేసి, తర్వాత నీళ్లు. చెక్క గిన్నె నీళ్లలో. మట్టికుండ అశుద్ధమైతే పగలగొట్టడమే, పీల్చుకున్నది బయటికి రాదు గనక. (మన ఇళ్లలో కూడా మైలపడితే బయటికి వెళ్లేది కుండే, ఇత్తడి బిందె కాదు.) రాతికి మాత్రం అశుద్ధం అంటదని పండితులు తేల్చారు. అందుకే యెరూషలేములో సున్నపురాయితో చెక్కిన గ్లాసులు, బానలు విపరీతంగా దొరుకుతాయి. కానా పెళ్లిలో ఆరు రాతిబానలు ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసిందిగా. ఒక్కో బాన ‘రెండేసి మూడేసి తూములు’ పట్టేదని మన అనువాదం. మూలంలోని గ్రీకు కొలత దాదాపు 39 లీటర్లు, కాబట్టి బానకు 80 నుంచి 120 లీటర్లు. పుట్లూ తూములూ లెక్కపెట్టే నెల్లూరు చెవికి ఆ మాట చక్కగా పడుతుంది గానీ ఒక తిరకాసుంది: లేవీయకాండంలో పిండికి వాడిన తూము దాదాపు 22 లీటర్ల ఏఫా. ఒకే తూము, రెండు కొలతలు.

శవం తాకినవాడి అశుద్ధం స్నానంతో పోదు. దానికి ఎర్రని పెయ్య బూడిద కావాలి. సంఖ్యాకాండం 19. మచ్చలేనిది, కళంకం లేనిది, మెడమీద కాడి పెట్టనిది. దాన్ని పాళెం బయటికి తోలుకెళ్లి వధించి, యాజకుడు వేలితో రక్తం తీసుకుని గుడారం వైపు 7 సార్లు చిలకరించి, తోలు, మాంసం, రక్తం, పేడతో సహా కాల్చాలి. మంటలో దేవదారు కర్ర, హిస్సోపు, ఎర్రనూలు వేయాలి. వేరే శుద్ధుడు బూడిద ఎత్తి పాళెం బయట శుద్ధమైన చోట దాచాలి. ఎవరికైనా అవసరం పడినప్పుడు పాత్రలో కొంత బూడిద వేసి దానిమీద ఊటనీళ్లు పోసి, హిస్సోపు కట్ట ముంచి చిలకరించాలి. 3వ రోజు ఒకసారి, 7వ రోజు ఒకసారి. 7వ రోజున బట్టలు ఉదుకుకుని స్నానం చేస్తే సాయంకాలానికి శుద్ధుడు. 3వ రోజు చిలకరింపు తప్పితే 7వ రోజుది చెల్లదు. చిలకరించినవాడు మాత్రం తానే అశుద్ధుడవుతాడు. అశుద్ధుణ్ణి శుద్ధి చేస్తుంది, శుద్ధుణ్ణి అశుద్ధుణ్ణి చేస్తుంది. యూదు పండితులు ఎన్ని శతాబ్దాలు తలపట్టుకున్నా ముడి విప్పలేకపోయిన సంగతి ఇది.

మిష్నా నియమాలు ఇంకా బిగువు. ఎర్రవి కాని వెంట్రుకలు ఒకే కుదుట్లో రెండుంటే పెయ్య పనికిరాదు. ఎవరైనా తుండుగుడ్డ తీసి దాని వీపున వేసినా పని చేయించినట్టే, పనికిరాదు. తెల్లటి ఒళ్లే పేరు తెచ్చిపెట్టిన ఒంగోలు జాతిలో ఇలాంటి పెయ్య కోసం వెతకడం దండగ. నీళ్ల నియమం ఇంకా చిత్రం: ఏడేళ్లలో ఒక్కసారి ఎండిపోయే ఊట అయినా ‘మోసపు నీళ్లు’, ఈ పనికి చెల్లవు. ఉప్పునీళ్లు, వేడి ఊటలు చెల్లవు. చివరికి యోర్దాను నీళ్లు కూడా, వేరే నీళ్లు కలిసినవి గనక, చెల్లవు. ఎండాకాలంలో ఇసుక తేలే గుండ్లకమ్మకు, మన్నేరుకు, ప్రకాశం జిల్లా మూసికి ఇక ఆశ లేదు. 2022లో టెక్సాస్ నుంచి ఐదు ఎర్ర పెయ్యల్ని ఇజ్రాయెల్‌కు విమానంలో తీసుకెళ్లినప్పటి నుంచి ఇక యెరూషలేము ఆలయం మళ్లీ కడతారని, మన వాట్సాప్ గుంపుల్లో అంత్యకాలం రేపో మాపో అన్నట్టుంది. ఆ వీడియోలు పంపేవాళ్లు ఈ వెంట్రుకల సంగతీ నీళ్ల సంగతీ ఒకసారి చదువుకుంటే కొంచెం నెమ్మదిస్తారు.

హిస్సోపు అంటే ఏదో అరుదైన చెట్టనుకోనక్కరలేదు. హీబ్రూ ‘ఎజోవ్’ను మరువం జాతి మొక్కగా గుర్తుపట్టారు. మల్లెపూల మాల మధ్యలో కట్టే మన మరువం దానికి సొంత చుట్టం. ఆకుల మీద నూగు ఉంటుంది గనక నీటిచుక్కను పట్టి ఉంచుతుంది. నాలుగు కొమ్మలు కట్టగడితే మంచి కుంచె. పుణ్యాహవాచనంలో మామిడాకు చేసే పనే అది చేస్తుంది.

‘సారాత్’ అనే మాటకు ‘కుష్ఠు’ అని అనువదించడం తెలుగు బైబిలు చదువరులకు జరిగిన పెద్ద నష్టం. గ్రీకువాళ్లు దాన్ని ‘లెప్రా’ అన్నారు, పొలుసులు రాలే చర్మవ్యాధి అన్న అర్థంలో. 1873లో హాన్సెన్ సూక్ష్మజీవిని కనిపెట్టిన కుష్ఠు వేరు. ఆ జబ్బు మొదటి గుర్తు మచ్చ మీద స్పర్శ పోవడం, లేవీయకాండం 13లో దాని ఊసే లేదు. అక్కడ చూసేవి మచ్చలో వెంట్రుక తెల్లబడిందా, చర్మం కన్నా లోతుగా ఉందా, పచ్చిమాంసం కనిపిస్తుందా. అనుమానముంటే 7 రోజులు వేరుగా ఉంచి, మళ్లీ చూసి, ఇంకో 7 రోజులు. ఒళ్లంతా తెల్లబడిపోతే మాత్రం శుద్ధుడే. కుష్ఠు అయితే ఇది కుదురుతుందా? పైగా అదే ‘సారాత్’ బట్టకూ వస్తుంది, తోలుకూ వస్తుంది, ఇంటి గోడకూ వస్తుంది. తీరం వెంట ఊళ్లలో ఉప్పుపట్టి పెచ్చులూడే గోడ చూసినవాళ్లకు అదేమిటో చెప్పనక్కరలేదు.

గోడ సంగతిలో ఒక మెత్తదనం ఉంది. ఇంటివాడు వచ్చి “పొడలాంటిది కనిపిస్తోంది” అని చెప్పాక, యాజకుడు తాను చూడకముందే ఇల్లు ఖాళీ చేయమనాలి. ఎందుకంటే తాను చూసి అశుద్ధమని తేల్చాక ఇంట్లో ఉన్నదంతా అశుద్ధమైపోతుంది. సామాను ముందే బయట పెట్టుకుంటే నష్టం తగ్గుతుంది. తర్వాత ఇల్లు 7 రోజులు మూసి, పొడ పాకితే ఆ రాళ్లు తీసి, లోపలి పూత గీకి ఊరి బయట అశుద్ధమైన చోట పారబోసి, కొత్త రాళ్లు పెట్టి కొత్త పూత పూయాలి. మళ్లీ వస్తే ఇల్లు పడగొట్టాలి.

సారాత్ నయమైన మనిషికి జరిగే తంతు చాలా పెద్దది. యాజకుడే పాళెం బయటికి వెళ్లి చూస్తాడు. రెండు పక్షులు, దేవదారు, ఎర్రనూలు, హిస్సోపు. మట్టిపాత్రలో ఊటనీళ్ల మీద ఒక పక్షిని చంపి, బతికిన పక్షిని ఆ రక్తం కలిసిన నీళ్లలో ముంచి, మనిషి మీద 7 సార్లు చిలకరించి, పక్షిని బయలులోకి వదిలేస్తారు. అతను బట్టలు ఉదుకుకుని, ఒళ్లంతా గొరిగించుకుని, స్నానం చేసి పాళెంలోకి వస్తాడు గానీ 7 రోజులు తన గుడారం బయటే ఉంటాడు. 7వ రోజు మళ్లీ తల, గడ్డం, కనుబొమ్మలతో సహా గొరుగుడు. 8వ రోజు రెండు మగ గొర్రెపిల్లలు, ఒక ఆడ గొర్రెపిల్ల, ఏఫాలో మూడు పదోవంతుల గోధుమపిండి అంటే దాదాపు ఆరున్నర లీటర్లు, ఒక లోగ్ నూనె. రక్తం కుడిచెవి తమ్మెకు, కుడి బొటనవేలికి, కుడికాలి బొటనవేలికి రాస్తారు, ఆ పైన నూనె. లేనివాడైతే ఒక గొర్రెపిల్ల, ఏఫాలో పదోవంతు పిండి, రెండు పావురాలు చాలు. నూనె కొలత మాత్రం తగ్గదు. చెవి, చెయ్యి, కాలు: అహరోనును యాజకుడిగా ప్రతిష్ఠించినప్పుడు రక్తం పెట్టింది కూడా ఈ మూడు చోట్లే. వెలిలో ఉండి వచ్చినవాడికి యాజకుడి మర్యాద.

అసలైన ముడి ఇప్పుడు. ప్రసవించిన తల్లి మగబిడ్డకు 7, 33 కలిపి 40 రోజులు, ఆడబిడ్డకు 14, 66 కలిపి 80 రోజులు గడిచాక ఏడాది గొర్రెపిల్లను దహనబలిగా, ఒక పావురాన్నో గువ్వనో ‘పాపపరిహారార్థబలి’గా తేవాలి. లేనివాళ్లకు రెండు పక్షులు. మరియ తెచ్చింది ఈ రెండో రకమే. బిడ్డను కనడంలో పాపమేమిటని ఆడవాళ్లు అడిగితే జన్మపాపం మీదికి మాట మళ్లిస్తారు. అక్కర్లేదు. హీబ్రూ మాట ‘హత్తాత్’. దాని క్రియకు శుద్ధి చేయడం అనే అర్థం ఉంది. దాన్ని ‘శుద్ధీకరణ బలి’ అనాలని మిల్గ్రోమ్ గట్టిగా వాదించాడు. సాక్ష్యం ఆ అధ్యాయాల్లోనే ఉంది. 4వ అధ్యాయంలో తప్పు చేసినవాడి బలి అయ్యాక వాడికి క్షమాపణ కలుగుతుందని ముగుస్తుంది. 12లో తల్లి తెచ్చిన బలి అయ్యాక ఆమె పవిత్రురాలవుతుందని ముగుస్తుంది. క్షమాపణ మాట లేదు.

ఇంకో సాక్ష్యం, రక్తం ఎక్కడ పూస్తారన్నది. హత్తాత్ రక్తం తెచ్చిన మనిషి మీద ఎన్నడూ పడదు. మామూలు మనిషిదైతే బయటి బలిపీఠం కొమ్ములకు. సమాజం అంతటిదీ ప్రధాన యాజకుడిదీ అయితే లోపల అడ్డతెర ముందు 7 సార్లు చిలకరించి, ధూపపీఠం కొమ్ములకు. ఏడాదికోసారి, 7వ నెల 10వ రోజున, అతి పరిశుద్ధ స్థలంలో కరుణాపీఠం మీదా దాని ముందరా. అంటే కడుగుతున్నది మనిషిని కాదు, ఇంటిని. జనం అశుద్ధాలూ తప్పులూ ఎక్కడ జరిగినా ఆ గుడారం మీద మసిలా పేరుకుంటాయి. చిన్నవి వాకిట్లో, పెద్దవి లోపలింట్లో. మనిషి నీళ్లతో శుద్ధి అవుతాడు, గుడారం రక్తంతో. ప్రాయశ్చిత్త దినం ఏడాది మసిని దులిపే రోజు. 16వ అధ్యాయం ముందు ఐదు అధ్యాయాలు ఎందుకున్నాయో అప్పుడు అతుకుతుంది. ఆ రోజు మేకలు కూడా పని పంచుకుంటాయి: ఒకదాని రక్తం గుడారానికి, జనం పాపాలు ఒప్పుకుని చేతులు మోపిన రెండోది అరణ్యానికి.

నరహత్య, విగ్రహారాధన, వావివరసలు తప్పడం కూడా అపవిత్రతేనని 18వ అధ్యాయం, సంఖ్యాకాండం 35 చెబుతాయి. అది వేరే జాతి. తాకితే అంటదు, స్నానంతో పోదు, సాయంకాలంతో తీరదు. నేలకు అంటుతుంది, నేల జనాన్ని కక్కేస్తుంది. హంతకుడి చెయ్యి తాకితే మీకేమీ కాదు, వాడు చంపిన శవాన్ని మంచి మనసుతో పాతిపెడితే 7 రోజులు అశుద్ధులు. రెండిటినీ కలిపేస్తే శవం మోసినవాడు దోషిగా, హంతకుడు స్నానంతో బయటపడేవాడిగా కనిపిస్తారు.

క్రీస్తు తర్వాత 70లో రోమన్లు ఆలయం కూల్చాక ఈ యంత్రాంగంలో చాలా భాగం ఆగిపోయింది. బూడిద లేదు గనక ఇప్పుడు లోకంలో ఉన్న యూదులంతా శవపు అశుద్ధంలోనే ఉన్నట్టు లెక్క, దాంతో ఎవరికీ ఏ పనీ ఆగదు. మిగిలినవి: నెలసరి తర్వాత మిక్వె, భోజనం ముందు చేతుల మీద నీళ్లు పోసుకోవడం, యాజక వంశస్థులు శ్మశానానికి వెళ్లకపోవడం, వెళ్లొచ్చిన మిగతావాళ్లు చేతులు కడుక్కోవడం, చనిపోయినవాళ్లకు 9 కబ్‌ల నీళ్లు, అంటే 12 నుంచి 22 లీటర్లు, ధార తెగకుండా పోయడం. ఒక పాత్ర అయిపోకముందే రెండోది అందుకోవాలి, లేకపోతే మళ్లీ మొదలు.

మన సంఘాల్లో ఏం మిగిలిందంటే, కొన్నిచోట్ల నెలసరిలో ఉన్న స్త్రీ ప్రభువు బల్ల తీసుకోకుండా ఉండిపోతుంది, బాలింత 40 రోజులు గుడికి రాదు. దీనికి లేవీయకాండాన్ని సాకుగా చూపడం కుదరదు. అది చూపేవాళ్లు మగవాళ్లకు అదే 15వ అధ్యాయం పెట్టిన నియమాన్ని, రాత్రి వీర్యస్ఖలనమైతే స్నానం చేసి సాయంకాలం వరకు అశుద్ధుడన్నదాన్ని, ఆదివారం ఉదయం ఎవరికీ గుర్తుచేయరు. ఆడబిడ్డకు 80 రోజులు లెక్కపెట్టే సంఘమూ కనబడదు. ఇది పురుడు లెక్క, బైబిలు బట్ట కట్టుకుని వచ్చింది. 40 రోజులు బాలింతకు విశ్రాంతి అంటే ఎవరికీ అభ్యంతరం ఉండనక్కరలేదు, పేరు మాత్రం మార్చాలి.

కుష్ఠు మాట ఇంకా బాధాకరం. ఆ జబ్బుకు మందులు 6 లేదా 12 నెలలు వాడితే తగ్గిపోతుంది, ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. విడాకులకు కుష్ఠు ఒక కారణంగా ఉండిన చట్టాలను కూడా 2019లో మార్చారు. ప్రసంగంలో మాత్రం “కుష్ఠు పాపానికి గుర్తు” అన్న వాక్యం మారలేదు. 13వ అధ్యాయం చదివేటప్పుడు ‘సారాత్’ అనే మాటనే పలికి, “ఇది మనకు తెలిసిన కుష్ఠు కాదు” అని ముందే చెప్పేస్తే ఆ కూర్చున్నవాళ్లలో మందు వాడుతున్నవాళ్లు తలదించుకోనక్కరలేదు.

పండగ రోజున అశుద్ధంగా ఉంటే ఏంటి దారి? ఈ ప్రశ్న మోషేనే అడిగారు. శవాన్ని ముట్టినందువల్ల పస్కా ఆచరించలేకపోయిన కొందరు వచ్చి, మేమెందుకు అడ్డగించబడాలని నిలదీశారు. సంఖ్యాకాండం 9వ అధ్యాయంలో ఉంది. వాళ్లను తప్పుపట్టలేదు. నెల ఆగి రెండో నెల 14వ రోజు సాయంకాలం మళ్లీ పస్కా పెట్టుకోమని జవాబొచ్చింది. శవం వల్ల అశుద్ధులైనవాళ్లకే కాదు, దూరప్రయాణంలో చిక్కుకున్నవాళ్లకు కూడా అదే తేదీ.